మిథైలేషన్ ముందా, హిస్టోన్ మార్పు ముందా? క్యాన్సర్ కణంలో ఈ రెండూ ఒకదాన్నొకటి ఎలా పట్టుకుంటాయి

ఇక్కడ వైజాగ్‌లోనే బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చేస్తున్న తమ్ముడు అడిగింది ఇదీ. ఒక టెక్స్ట్‌బుక్‌లో డీఎన్‌ఏ మిథైలేషన్ అయ్యాక హిస్టోన్లు మారతాయని ఉందట, సీనియర్ ఇచ్చిన పేపర్‌లో హిస్టోన్ మార్కు ముందొచ్చి మిథైలేషన్ తర్వాత వస్తుందని ఉందట, సెమినార్‌లో ఏది చెప్పాలి అని. పైగా రెండిటికీ మందులు ఉన్నప్పుడు రెండూ కలిపి ఇచ్చేస్తే సరిపోదా అని కూడా అడిగాడు.

తమ్ముడూ, ముందు సమాధానం చెప్పేస్తాను, వివరం తర్వాత. నీ టెక్స్ట్‌బుక్ తప్పు కాదు, సీనియర్ పేపరూ తప్పు కాదు. రెండు దారులూ ఉన్నాయి, ఏ జీన్ దగ్గర ఏది ముందు జరిగిందనేది ఆ జీన్ని బట్టి, ఆ కణం అంతకుముందు ఏ స్థితిలో ఉందనేదాన్ని బట్టి ఉంటుంది. కానీ ఒకసారి రెండూ వచ్చి కూర్చున్నాక మాత్రం ఒకదాన్ని ఇంకోటి నిలబెడుతూ ఉంటుంది, క్యాన్సర్‌లో అసలు గొడవంతా అక్కడే. ఇరవై ఏళ్ళ పైన మాలిక్యులర్ ల్యాబ్‌లో ఈ టెస్టులే చేస్తూ వస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

మొదట ఒక మాట, ఏటా ఎవరో ఒక స్టూడెంట్ ఇక్కడే తికమక పడతారు. డీఎన్‌ఏ మిథైలేషన్ వేరు, హిస్టోన్ మిథైలేషన్ వేరు. మొదటిది డీఎన్‌ఏలో సైటోసిన్ అక్షరం మీద, అదీ ముఖ్యంగా సీ పక్కన జీ ఉన్నచోట అతుక్కునే మిథైల్ అనే చిన్న రసాయన గుర్తు. మన జీనోమ్‌లో ఇలాంటి సీజీ జతలు సుమారు 2.8 కోట్లు ఉంటాయి, మామూలు కణంలో వాటిలో 70 నుంచి 80 శాతం వరకు మిథైల్ అయ్యే ఉంటాయి. కాకుండా ఉండేవి ఎక్కువగా సీపీజీ ఐలాండ్స్‌లో, అంటే సీజీలు గుంపుగా ఉన్న ప్రమోటర్ల (జీన్‌ని నడిపించే స్విచ్‌ల) దగ్గర. రెండోది హిస్టోన్ ప్రొటీన్ తోక మీద లైసిన్ అనే అమైనో ఆమ్లానికి అతుక్కునే మిథైల్. ఎనిమిది హిస్టోన్ల ముద్ద చుట్టూ 147 అక్షరాల డీఎన్‌ఏ చుట్టుకుంటే అది న్యూక్లియోజోమ్, ఆ ముద్దలోంచి బయటికి వేలాడేవే ఈ తోకలు. హిస్టోన్ హెచ్3 తోకలో నాలుగో లైసిన్, అంటే కే4 మీద మూడు మిథైళ్ళు ఉంటే జీన్ తెరిచి ఉందని గుర్తు, అదే కే27 మీదో కే9 మీదో ఉంటే మూసి ఉందని గుర్తు. తోకకి అతుక్కునే ఇంకో గుర్తు ఎసిటైల్, దాని సంగతి ఇంకా సింపుల్, లైసిన్‌కి ఉన్న ప్లస్ చార్జీని అది తీసేస్తుంది కాబట్టి మైనస్ చార్జీ ఉన్న డీఎన్‌ఏ మీద పట్టు సడలుతుంది. హెచ్‌డాక్ ఎంజైములు ఆ ఎసిటైల్‌ని ఊడబీకితే మళ్ళీ బిగుసుకుంటుంది.

ఇప్పుడు ఒకటితో ఒకటి మాట్లాడుకోవడం ఎలాగో చూద్దాం. మార్కులు వాటంతట అవి ఏమీ చెయ్యవు, వాటిని చదివే ప్రొటీన్లు మధ్యలో ఉంటాయి, సెమినార్‌లో నువ్వు గట్టిగా చెప్పాల్సింది వీటి గురించే. డీఎన్‌ఏకి కొత్తగా మిథైల్ పెట్టే డీఎన్‌ఎమ్‌టీ3ఏ అనే ఎంజైమ్‌కి ఒక చివర హెచ్3 తోకని తడిమి చూసే భాగం ఉంటుంది, కే4 ఖాళీగా ఉంటేనే అది ఎంజైమ్‌ని పని చెయ్యనిస్తుంది, అక్కడ మూడు మిథైళ్ళు తగిలాయంటే వెనక్కి తగ్గుతుంది. అంటే నడుస్తున్న జీన్ ప్రమోటర్‌కి కే4 మార్కే కాపలా. ఇంకో పక్క నుంచి చూడు, సీఎఫ్‌పీ1 అనే ప్రొటీన్ మిథైల్ లేని సీజీలనే వెతుక్కుని కూర్చుని, కే4 మార్కు పెట్టే ఎంజైమ్‌ని అక్కడికి తెస్తుంది. మిథైల్ లేదు కాబట్టి కే4 వస్తుంది, కే4 ఉంది కాబట్టి మిథైల్ రాదు. ఈ చక్రం తిరుగుతున్నంతకాలం జీన్ క్షేమం, ఎక్కడో ఒకచోట తెగిందంటే ఇదే చక్రం అటువైపు తిరగడం మొదలుపెడుతుంది.

అటువైపు తిరగడం ఎలా ఉంటుందంటే, మిథైల్ పడిన సీజీలని ఎమ్‌ఈసీపీ2, ఎమ్‌బీడీ2 లాంటి ప్రొటీన్లు పట్టుకుంటాయి, అవి వచ్చేటప్పుడు హెచ్‌డాక్‌లని వెంటబెట్టుకొస్తాయి, ఎసిటైల్ ఊడిపోతుంది, క్రోమాటిన్ బిగుసుకుంటుంది. 1998లో తేలిన విషయం ఇది, మీ టెక్స్ట్‌బుక్ చెప్పే దారి ఇదే. ఇక మీ సీనియర్ పేపర్ దారి. 2001లో న్యూరోస్పోరా అనే బూజులో చూపించారు, హిస్టోన్ కే9కి మిథైల్ పెట్టే ఎంజైమ్ చెడిపోతే డీఎన్‌ఏ మిథైలేషనే పోయిందని. అంటే అక్కడ హిస్టోన్ మార్కే ముందు. మన కణాల్లో యూహెచ్‌ఆర్‌ఎఫ్1 అని ఒకటి ఉంది, నాకు ఈ సబ్జెక్ట్ మొత్తంలో దీనంత ముచ్చటేసే ప్రొటీన్ ఇంకోటి లేదు. కణం రెండుగా విడిపోయేముందు డీఎన్‌ఏ కాపీ అవుతుంది కదా, పాత పోగు మీద మిథైల్ ఉంటుంది, కొత్త పోగు మీద ఉండదు. ఆ సగం మిథైల్ అయిన చోటుని ఇది ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో పక్కనున్న హిస్టోన్ మీద కే9 మార్కు ఉందా అని చూస్తుంది, చూసి అదే హిస్టోన్ మీద యుబిక్విటిన్ అనే గుర్తు పెడుతుంది, ఆ గుర్తు చూసుకుని డీఎన్‌ఎమ్‌టీ1 వచ్చి కొత్త పోగు మీద కూడా మిథైల్ పెడుతుంది. డీఎన్‌ఏ, హిస్టోన్ రెండిటినీ ఒకేసారి చదివి అప్పుడు సంతకం పెట్టే గుమస్తా లాంటిది అనమాట. ఇక్కడ ఏది ముందు ఏది తర్వాత అని ఎలా విడదీస్తావు చెప్పు.

క్యాన్సర్‌కి వద్దాం. 1983లో ఫైన్‌బర్గ్, వోగెల్‌స్టీన్ మొదట చూసింది ఏంటంటే ట్యూమర్లలో మిథైలేషన్ తగ్గిపోయిందని. పెరిగిందని కాదు, తగ్గిందని. తర్వాత 1989లో రెటినోబ్లాస్టోమా జీన్, 1994లో వీహెచ్‌ఎల్, 1995లో పీ16, ఇలా ఒక్కొక్కటిగా బయటపడ్డాయి, క్యాన్సర్‌ని ఆపాల్సిన జీన్ల ప్రమోటర్ల మీద మాత్రం మిథైలేషన్ విపరీతంగా పెరిగిపోయిందని. ఊరంతా తగ్గడం, కొన్ని గుమ్మాల దగ్గర మాత్రం పేరుకుపోవడం, రెండూ ఒకే కణంలో.

ఆ గుమ్మాలే ఎందుకు? ఇది బాగా గుర్తుపెట్టుకో. 2007లో మూడు గ్రూపులు దాదాపు ఒకే టైంలో చూపించాయి, క్యాన్సర్‌లో మిథైల్ అయ్యే జీన్లలో చాలా భాగం స్టెమ్ సెల్స్‌లో పాలీకోంబ్ అనే ప్రొటీన్ల గుంపు కే27 మార్కుతో మూసి ఉంచినవేనని. పూర్ణా మార్కెట్‌లో కొట్లు రాత్రికి షట్టర్ దించుతారు చూడు, కే27 మార్కు అలాంటిది. పొద్దున్నే లేపుకోవచ్చు, స్టెమ్ సెల్ ఎదిగి ఏదో ఒక పనిలో స్థిరపడే వేళకి కావాల్సిన జీన్ షట్టర్ లేస్తుంది. క్యాన్సర్ వైపు వెళ్తున్న కణంలో ఏమవుతుందంటే దించిన షట్టర్ దించినట్టే ఉండగా ఎవరో వచ్చి తాళానికి లక్క సీలు వేసేసినట్టు డీఎన్‌ఏ మీద మిథైల్ పడిపోతుంది. చాలా చోట్ల సీలు పడ్డాక షట్టర్ గుర్తు, అంటే కే27, కనబడకుండా కూడా పోతుంది, ఐలాండ్స్‌లో ఈ రెండూ ఒకచోట ఇమడవు. అందుకే ట్యూమర్‌లో కే27 లేదు కదా, జీన్ తెరిచి ఉందేమో అనుకుంటే పొరపాటు, ఇంకా గట్టిగా మూసి ఉండొచ్చు. అలాగే మిథైల్ అయిన ప్రతి జీనూ క్యాన్సర్‌కి కారణం అనుకోకు, చాలావరకు ముందునుంచీ మూసి ఉన్నవే, కొట్టు ఎలాగూ మూతే, సీలు కొత్తది అంతే. పేపర్లలో "మిథైలేషన్ వల్ల జీన్ ఆగిపోయింది" అని రాసిన చోటల్లా, నార్మల్ టిష్యూలో అది అసలు నడుస్తోందా లేదా అని వెతుకు.

ముందు వెనక ప్రశ్నకి నేరుగా జవాబిచ్చే ప్రయోగాలు రెండున్నాయి. డీఎన్‌ఎమ్‌టీ1, డీఎన్‌ఎమ్‌టీ3బీ జీన్లు రెండూ తీసేసిన పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో పీ16 తెరుచుకుంది, వాటిని పెంచుతూ పెంచుతూ పోతే మళ్ళీ మూసుకుంది, చూస్తే అక్కడ కే9 మార్కు వచ్చి ఉంది, డీఎన్‌ఏ మిథైల్ ఇంకా లేదు. 2003 నాటి పని అది, హిస్టోన్ ముందు అనడానికి గట్టి సాక్ష్యం. దీనికి ఎదురుగా 1999 నాటిది పెట్టు. ఆర్‌కేఓ అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో, డీఎన్‌ఏ తప్పుల్ని సరిదిద్దే ఎమ్‌ఎల్‌హెచ్1 జీన్ గట్టిగా మిథైల్ అయి ఉంటుంది. వాటికి హెచ్‌డాక్‌ని ఆపే ట్రైకోస్టాటిన్ ఒక్కటే పోస్తే ఆ జీన్ ఉలకలేదు పలకలేదు. ముందు తక్కువ డోసులో డెసిటబిన్ ఇచ్చి మిథైలేషన్ కాస్త తగ్గించి, తర్వాత అదే ట్రైకోస్టాటిన్ పోస్తే జీన్ గట్టిగా తిరిగి మొదలైంది. సీలు ఉన్నంతసేపు షట్టర్ ఎంత లాగినా రాదు, సీలు కొంచెం పగిలితే అప్పుడు లాగుడు పనిచేస్తుంది. మొదలుపెట్టేది హిస్టోన్ కావచ్చు, తాళం మాత్రం మిథైల్‌ది. నీ సెమినార్‌లో ఈ రెండు ప్రయోగాలూ ఒకే స్లైడ్‌లో పక్కపక్కన పెట్టు.

ఇదంతా పేషెంట్ దగ్గర ఎలా కనబడుతుందో ఒకటి చెప్తాను. డెబ్బై దాటిన పెద్దాయన, కుడివైపు పెద్దపేగులో గడ్డ. స్లైడ్ మీద ఎమ్‌ఎల్‌హెచ్1 స్టెయిన్ వేస్తే పక్కనున్న మామూలు కణాల న్యూక్లియస్‌లు గోధుమ రంగులో నిండుగా ఉన్నాయి, ట్యూమర్ కణాలు మాత్రం నీలంగా బోసిగా ఉన్నాయి. రిపోర్ట్ చూసి వాళ్ళ అబ్బాయి ఎక్కడో చదివి, ఇది లించ్ సిండ్రోమ్ అట, వంశంలో వస్తుందట, నాకూ నా పిల్లలకీ వస్తుందా అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. అప్పుడు మేం చేసింది మిథైలేషన్ టెస్ట్. బైసల్ఫైట్ పోస్తే మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారిపోతుంది, పీసీఆర్‌లో టీ లాగా చదవబడుతుంది, మిథైల్ ఉన్న సైటోసిన్ మాత్రం సీ గానే మిగులుతుంది. మిథైల్ ఉన్న డీఎన్‌ఏని మాత్రమే పట్టే ఎమ్ ట్యూబులో బ్యాండ్ నిండుగా వచ్చింది. దానికి తోడు బీరాఫ్ అనే జీన్‌లో వీ600ఈ మ్యుటేషన్ కూడా పాజిటివ్. ఈ రెండూ ఉన్నాయంటే ఆ జీన్ ఆయన పేగులోనే, ఆయన వయసులోనే మూసుకుపోయినదని, పుట్టుకతో వచ్చిన లోపం కాదని దాదాపు ఖాయంగా చెప్పొచ్చు. డాక్టరుగారు ఆ మాట చెప్పినప్పుడు ఆ అబ్బాయి మొహం నాకు ఇప్పటికీ గుర్తే. చిన్న వయసువాళ్ళలో అయితే ఇంత తొందరగా చెప్పకూడదు, అరుదుగా రక్తంలో కూడా ఎమ్‌ఎల్‌హెచ్1 మిథైల్ అయి ఉండేవాళ్ళు ఉంటారు, అది వేరే దారి.

ఈ టెస్టులో ఒకసారి దెబ్బతిన్నాను కూడా. మొదట్లో బైసల్ఫైట్ ద్రావణం ఆ రోజు కలిపింది కాకుండా అంతకుముందు కలిపింది వాడేశాం, కన్వర్షన్ పూర్తి కాలేదు, మారని సైటోసిన్లన్నీ మిథైల్ ఉన్నట్టు కనబడి నార్మల్ శాంపిల్ కూడా పాజిటివ్ వచ్చింది. ఆ నార్మల్ కంట్రోల్ పెట్టి ఉండకపోతే రిపోర్టులు తప్పుగా వెళ్ళిపోయేవి. ప్రతి బ్యాచ్‌లో పూర్తిగా మిథైల్ అయినదొకటి, అసలు కానిదొకటి పెట్టు, ప్రాజెక్ట్ అయినా సరే.

మరి క్లినిక్‌లో మిథైలేషన్ టెస్టులే ఉన్నాయి, హిస్టోన్ టెస్టులు కనబడవేం అని నీకు అనిపించొచ్చు. దానికి నా జవాబు హుద్‌హుద్. 2014 అక్టోబర్ 12న తుపాను వచ్చినప్పుడు ఇక్కడున్నవాళ్ళకి తెలుసు, రోజుల తరబడి కరెంట్ లేదు, డీజిల్‌కి లైన్లు, మా మైనస్ 80 ఫ్రీజర్ మూడో రోజుకి నీళ్ళు కారింది. హిస్టోన్ పని కోసం, చిప్ (యాంటీబాడీతో హిస్టోన్ మార్కుని, దానికి అంటుకున్న డీఎన్‌ఏతో సహా లాగి చూసే పద్ధతి) చేద్దామని దాచుకున్న టిష్యూ ముక్కలు పాడైపోయాయి. ఆర్‌ఎన్‌ఏ ట్యూబులు జెల్ మీద పెడితే బ్యాండ్లు లేవు, మసక గీత తప్ప. కానీ తీసి పెట్టుకున్న డీఎన్‌ఏ ట్యూబులు, షెల్ఫ్‌లో ఉన్న పారఫిన్ బ్లాకులు, వాటిలో మిథైలేషన్ మళ్ళీ చూస్తే తుపానుకి ముందు వచ్చిన జవాబే వచ్చింది. మిథైల్ డీఎన్‌ఏకి నేరుగా అతుక్కున్న బంధం, డీఎన్‌ఏ నిలిస్తే అదీ నిలుస్తుంది. హిస్టోన్ మార్కు చదవాలంటే ప్రొటీనూ డీఎన్‌ఏ రెండూ ఉన్నచోటే ఉండాలి, యాంటీబాడీ మంచిది కావాలి, టిష్యూ సరిపడా కావాలి. అమెరికాలో పెద్దపేగు క్యాన్సర్‌కి 2014లో మలం టెస్టులో, 2016లో సెప్టిన్9 రక్తపరీక్షలో మిథైలేషన్ వాడటానికి ఇదో పెద్ద కారణం. అయితే ట్యూబులో నిలవడం వేరు, బతికున్న కణంలో నిలవడం వేరు, కణంలో నిలబెట్టేది పైన చెప్పిన యూహెచ్‌ఆర్‌ఎఫ్1, డీఎన్‌ఎమ్‌టీ1 జంట చేసే పని. ఈ రెండూ కలిపేసి రాయకు.

మ్యుటేషన్ల వైపు నుంచి చూస్తే రెండిటి లింకు ఇంకా బాగా తెలుస్తుంది. కొన్ని బ్రెయిన్ ట్యూమర్లలో, బ్లడ్ క్యాన్సర్లలో ఐడీహెచ్1 లేదా ఐడీహెచ్2 జీన్ మారుతుంది, అది చూడ్డానికి మెటబాలిజం ఎంజైమ్, ఎపిజెనెటిక్స్‌తో సంబంధమే లేనట్టు ఉంటుంది. కానీ మారిన ఎంజైమ్ 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థాన్ని కుప్పలుగా తయారుచేస్తుంది. డీఎన్‌ఏ మీద మిథైల్‌ని తొలగించే దారిలో పనిచేసే టెట్ ఎంజైములకీ, హిస్టోన్ మీద మిథైల్‌ని తీసేసే డీమిథైలేజులకీ ఇద్దరికీ ఒకే ముడిసరుకు కావాలి, ఆల్ఫా కీటోగ్లూటరేట్. దాని పోలికతో ఉన్న ఈ దొంగ పదార్థం దూరి ఇద్దరినీ ఒక్క దెబ్బకి ఆపేస్తుంది. మిథైళ్ళు డీఎన్‌ఏ మీదా హిస్టోన్ మీదా పేరుకుపోతాయి. ఐడీహెచ్1 మారిన బ్లడ్ క్యాన్సర్‌కి ఐవోసిడెనిబ్ అనే మందు 2018లో వచ్చింది. ఇంకో పక్క పిల్లల్లో బ్రెయిన్‌స్టెమ్‌లో వచ్చే గ్లయోమాలో హిస్టోన్ జీనే మారుతుంది, కే27 ఉండాల్సినచోట మెథియోనిన్. 2012లో తెలిసింది. ఒక్క జీన్ కాపీలో మారినా కణం మొత్తం మీద కే27 మిథైల్ పడిపోతుంది, దాంతోపాటు డీఎన్‌ఏ మిథైలేషన్ కూడా చాలాచోట్ల తగ్గుతుంది. చాలా చెడ్డ జబ్బు అది.

ఎన్‌ఎస్‌డీ1 సంగతి కూడా చూడు. అది కే36 మీద రెండు మిథైళ్ళు పెడుతుంది, డీఎన్‌ఎమ్‌టీ3ఏ ఆ గుర్తు చూసుకుని అక్కడికి వెళ్తుంది. హెచ్‌పీవీ వైరస్ లేని తల, మెడ క్యాన్సర్లలో కొన్నిటిలో ఎన్‌ఎస్‌డీ1 చెడిపోయి ఉంటుంది, వాటిలో డీఎన్‌ఏ మిథైలేషన్ జీనోమ్ అంతటా పడిపోయి ఉంటుంది. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్ళు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగడం, దానివల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి నీకు తెలిసే ఉంటుంది, శ్రీకాకుళం వైపు దీనిమీద 1970ల మొదట్లోనే పదివేల మంది పైన చూసి రాశారు. ఆ అంగిలి ట్యూమర్లలో కే36, మిథైలేషన్ రెండూ కలిపి చూడాలని నాకు ఎన్నాళ్ళుగానో ఉంది. మన దగ్గర తప్ప ఇంకెక్కడా ఇంత దగ్గరగా దొరకని జబ్బు, మన పిల్లలే చెయ్యాలి ఆ పని. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే మనసులో పెట్టుకో.

ఇక మందులు కలిపి ఇచ్చేయొచ్చు కదా అన్నావు. ప్లేట్‌లో అంత బాగా పనిచేసింది కదా అని అందరూ అలాగే ఆశపడ్డారు. డీఎన్‌ఏ మిథైలేషన్ తగ్గించే అజాసిటిడిన్ 2004లో, డెసిటబిన్ 2006లో అమెరికాలో ఎమ్‌డీఎస్ అనే మజ్జ జబ్బుకి వచ్చాయి, హెచ్‌డాక్‌ని ఆపే వోరినోస్టాట్ 2006లో చర్మంలో వచ్చే ఒక లింఫోమాకి వచ్చింది. ఎమ్‌డీఎస్‌లో అజాసిటిడిన్‌కి ఎంటినోస్టాట్ అనే ఇంకో హెచ్‌డాక్ మందు కలిపి ఒక ట్రయల్, వోరినోస్టాట్ కలిపి ఇంకో ట్రయల్ చేస్తే అజాసిటిడిన్ ఒక్కటే ఇచ్చినదానికంటే మేలేమీ కనబడలేదు. ఎంటినోస్టాట్ కలిపినవాళ్ళలో మిథైలేషన్ తగ్గడమే తక్కువైంది. ఎందుకయ్యుంటుందో ఆలోచించు. అజాసిటిడిన్ పనిచెయ్యాలంటే కణం డీఎన్‌ఏ కాపీ చేసుకుంటూ ఉండాలి, అప్పుడే అది పోగులోకి దూరి డీఎన్‌ఎమ్‌టీ1ని అక్కడే అతికించేసి నాశనం చేస్తుంది. హెచ్‌డాక్ మందు కణం విడిపోవడాన్నే ఆపేస్తే ఇది లోపలికి దూరేదెలా? 1999 ప్రయోగంలో ఒకటి ముందు, ఇంకోటి తర్వాత అని వరస ఉంది, ఆ వరసే ప్రాణం.

ఇంకో చిక్కు. డెసిటబిన్‌తో మిథైలేషన్ తీసేసి జీన్ని తెరిపించినా హిస్టోన్ల మీద కే27, కే9 గుర్తులు పూర్తిగా పోవు. సీలు తీశారు గానీ షట్టర్ సగం మీదే ఆగింది. మందు ఆపితే కొన్నాళ్ళకి ఆ సగం షట్టర్ మళ్ళీ దిగుతుంది, దానిమీద మళ్ళీ సీలు పడుతుంది. అందుకే నెల నెలా సైకిళ్ళుగా ఇస్తారు. అజాసిటిడిన్ ఇచ్చి నాలుగైదు నెలలైనా తేడా లేదని మధ్యలో మానేద్దామనుకునే కుటుంబాలని చూశాను, ఈ మందు నెమ్మదిగానే పనిచేస్తుంది, మానే నిర్ణయం మాత్రం మీ డాక్టర్‌ని అడక్కుండా తీసుకోకండి. తమ్ముడికి కాదు, ఇది చదివే పేషెంట్ల ఇంటివాళ్ళకి చెప్తున్నాను.

ఇంకో కొత్త సంగతి, 2015లో రెండు గ్రూపులు చూపించాయి, ఈ మందుల బలం ఆగిన జీన్లు తెరవడంలోనే లేదు, జీనోమ్‌లో ఎప్పట్నుంచో మూగబోయి ఉన్న పాత వైరస్ ముక్కలు కూడా తెరుచుకుంటాయి, కణం తనలో వైరస్ దూరిందనుకుని ఇంటర్‌ఫెరాన్ అలారం కొడుతుంది అని. ఆ ముక్కలని మూసి ఉంచేది కూడా మిథైలేషనూ కే9 మార్కూ కలిసే. ఇమ్యునోథెరపీతో దీన్ని జత చేసే ప్రయత్నాలు అక్కణ్ణుంచే ఊపందుకున్నాయి.

నీ ప్రాజెక్ట్ విషయానికి ఒక హెచ్చరిక. హెచ్‌సీటీ116 అనే పెద్దపేగు క్యాన్సర్ కణాల్లో ఎమ్‌ఎల్‌హెచ్1 తెరుద్దామని మాత్రం మొదలుపెట్టకు. అక్కడ ఆ జీన్ మిథైల్ అయి ఆగలేదు, మ్యుటేషన్‌తో విరిగిపోయింది, డెసిటబిన్ ఎన్నిసార్లు పోసినా ప్రొటీన్ రాదు. ఒక అమ్మాయి ఆర్నెల్లు ఇలాగే పోగొట్టుకోవడం చూశాను. ఆర్‌కేఓ గానీ ఎస్‌డబ్ల్యూ48 గానీ తీసుకో. ముందు మిథైలేషన్ చూడు, తర్వాత అదే ప్రమోటర్‌లో కే4, కే9, కే27 మూడూ చూడు, మందు పోసిన మూడో రోజునా, మందు ఆపాక రెండు మూడు వారాలకీ మళ్ళీ అవే చూడు. నీ జీన్ ఏదో, ల్యాబ్‌లో ఏ యాంటీబాడీలు ఉన్నాయో రాస్తే ప్రైమర్లు ఐలాండ్‌లో ఎక్కడ పెట్టాలో చెప్తాను.